వీపు మీద గీత

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి నమస్కారం.

చివరి రోజు ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాయమన్నారు. ఫోన్లో చెప్పబోయి పెట్టేశాను. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు మీ చెల్లెలు మామూలుగానే కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. ఎవరో పెద్దాయన అద్దం అరగదీస్తుంటే అంచు విరిగిందట. మళ్ళీ కొత్తది తీసుకుని అరగదీస్తే కుదిరిందట. ఇంటికి వచ్చాక ఆ సంగతి చెప్పింది. జలుబు అప్పటికే ఉంది. చీకటి పడేసరికి దగ్గు ఎక్కువైంది. వేడినీళ్ళు తాగింది. భోజనం కొంచెమే చేసింది. "మీకు పొద్దున షిఫ్టు కదా, నేను దగ్గుతుంటే మీకు నిద్ర ఉండదు. ముందు గదిలో పడుకోండి" అంది. సరేనన్నాను. కిటికీ కింద చాప వేసుకున్నాను. ఉక్కగా ఉంది, చొక్కా తీసేశాను. బోర్లా పడుకుంటే నాకు వెంటనే నిద్ర పడుతుంది.

పొద్దున టీ పెట్టి లోపలికి తీసుకెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాను. టీ కింద పెట్టి మళ్ళీ పిలిచాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మా పంపు ఆపరేటర్ ఒకడున్నాడు. ఏ పనికీ వేళకు రాడని అందరూ అతన్ని గడియారం అంటారు. ఆ రోజు మాత్రం కేక వేయగానే వచ్చాడు. డాక్టరును అతనే తీసుకొచ్చాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. నిద్రలోనే పోయింది, ఆమెకేమీ తెలిసి ఉండదు అన్నాడు. ఆ మాట నేను చాలాసార్లు అనుకున్నాను. మీరూ అనుకోండి.

మర్నాటికల్లా అంతా అయిపోయింది. కింద పెట్టిన టీ ఎవరు తీశారో తెలియదు.

నాకు వీపు మీద ఎక్కడో మండుతోంది. ఆ హడావిడిలో దేనికైనా గీసుకుందేమో. రాయాల్సిన విషయం కాదు. కాగితం మిగిలితే రాశాను.

కాలి కట్టు జాగ్రత్త.

మీ మరిది

*

నర్సుల హాస్టల్, మంచం మీద నుంచి

మరిదీ,

ఎంతమంది ఇంటివాళ్ళకి నేను "నిద్రలోనే పోయారమ్మా, బాధ తెలియదు" అని చెప్పి ఉంటానో లెక్కలేదు. చెప్పి, భుజం తట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నాకొకరు చెబితే ఎలా ఉంటుందో చూశాను. ఏమీ ఉండదు. ఉప్పు లేని ముద్ద మింగినట్టు ఉంటుంది.

ఆఖరి చూపుకి రాలేకపోయానని నన్నెవరూ ఏమీ అనలేదు. ఎవరైనా అంటే బాగుండేది. మెట్ల మీద జారడానికి నాకు అదే వారం దొరికింది. ఇన్నాళ్ళూ "కదలకు, కదిలితే నీ ఖర్మ" అని రోగులను కసిరాను కదా, ఇప్పుడు నిన్నగాక మొన్న చేరిన పిల్ల నర్సులు నన్ను అదే మాటంటూ కసురుతున్నారు. తగిన శాస్తి.

వీపు సంగతి సరిగ్గా రాయి. ఎక్కడుంది, ఎంతుంది, ఎర్రగా ఉందా, బొబ్బలున్నాయా, దురదా మంటా? నువ్వు చూసుకోలేవు కాబట్టి ఎవరికైనా చూపించు. నేను చర్మం వార్డులో ముసలిదాన్నయ్యాను, నా దగ్గర దాచకు. "బాగానే ఉంది" అని రాశావంటే ఆ ఉత్తరం చించి పొయ్యిలో పెడతాను.

వదిన

*

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి,

గడియారానికి చూపించాను. చొక్కా ఎత్తి, "అమ్మో, ఎవరు సార్ మీకు వాత పెట్టింది?" అన్నాడు. తరవాత నాలుక కరుచుకున్నాడు.

దుకాణం వాళ్ళు మీ చెల్లెలి సామానుతో పాటు చిన్న అద్దం ఒకటి పంపారు. దాన్ని వెనక పట్టుకుని, గోడ అద్దంలో నేనూ చూసుకున్నాను. రెండు భుజాల ఎముకలకీ మధ్యలో ఉంది. పైనుంచి కిందికి తిన్నని గీత. వేలంత వెడల్పు, వేలికంటే పొడుగు. మొదట ఎర్రగా ఉండి చిన్న చిన్న బొబ్బలు లేచాయి. ఇప్పుడు కొన్ని చితికి చెక్కు కట్టాయి. దురద లేదు, మంట.

క్లోరిన్ గదిలో ఏదైనా చిందిందేమో అనుకున్నాను. కానీ చొక్కాలు అన్నీ చూశాను, ఎక్కడా మరక లేదు, చిల్లు లేదు.

డ్యూటీకి వెళ్తున్నాను. ఫిల్టర్ బెడ్లు కడిగే వారం ఇది. పని ఉంది.

మరిది

*

నర్సుల హాస్టల్

మరిదీ,

క్లోరిన్ కాదు, ఏదీ చిందలేదు. అది పురుగు.

యాసిడ్ పురుగు అంటాం మేం. వానలు పడితే మా వార్డంతా అవే బొబ్బలు. చూడ్డానికి చీమలా, చీమకంటే కొంచెం పొడుగ్గా ఉంటుంది. తల నలుపు, నడుం నారింజ రంగు, తోక నలుపు. బెదిరితే తోక పైకెత్తుకుని నడుస్తుంది. పాపం అది కుట్టదు, కరవదు. ఒంటి మీద పాకి దాని దారిన అది పోతుంది. మనం ఊరుకోం కదా, నలిపేస్తాం. దాని ఒంట్లో ఉన్న రసం మన చర్మానికి అంటుకుంటుంది. అప్పుడేమీ తెలీదు. ఒక రోజు గడిచాక ఎర్రబడి బొబ్బలు తేలతాయి. తెల్లటి ట్యూబులైటు వెలుతురంటే దానికి ప్రాణం. పసుపు దీపం దగ్గరికి అంతగా రాదు. మీ కిటికీ పక్కనే ఉందిగా కాంపౌండు దీపం, ఎదురుగా తడి నేల. అక్కణ్ణించి వచ్చి ఉంటుంది.

మచ్చ ఉన్న చోటు కూడా చూడు, ఎవరి చెయ్యీ అందని చోటు. మగాళ్ళకి వీపు గోకడానికి ఓ మనిషి కావాలనే కదా పెళ్ళిళ్ళు చేస్తారు.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టాను. మళ్ళీ తీశాను.

పురుగు నీ వీపు కింద పడి నలిగితే మచ్చ పడుతుంది, గీత పడదు. పైగా నువ్వు బోర్లా పడుకున్నానని రాశావు. గీత పడిందంటే ఎవరో దాన్ని చేత్తో తుడిచారు. పైనుంచి కిందికి. నీ చెయ్యి అక్కడికి పోదు. బొబ్బ ఒక రోజు ఆలస్యంగా తేలింది, అంటే తుడిచింది ఆ రాత్రే. ఇంట్లో ఉన్నది మీరిద్దరే.

చిన్నది నీ దగ్గరికి వచ్చింది మరిదీ. నువ్వెలా పడుకున్నావో చూసి పోదామని వచ్చి ఉంటుంది. వీపు మీద పురుగు కనిపిస్తే తుడిచింది. వెళ్ళి పడుకుంది. డాక్టరు చెప్పింది పక్కన పెట్టు, ఇది విను. దానికి చివరగా తెలిసింది నీ వీపు.

ఎన్నాళ్ళకో నాకు ఈ పూట ఆకలేసింది.

వదిన

*

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి,

చూడటానికి వచ్చిందని రాశారు. లేపడానికి వచ్చి ఉండొచ్చు.

అద్దాలు అరగదీసి అరగదీసి మీ చెల్లెలి వేలికొసలు ఆకురాయిలా ఉండేవి. చొక్కా మడత పెడితే నూలుపోగులు లేచేవి. ఆ చెయ్యి నా వీపు మీద పైనుంచి కిందికి వెళ్ళింది. నాకు మెలకువ రాలేదు.

ఇంక రాయడానికేమీ లేదు.

మరిది

*

నర్సుల హాస్టల్

మరిదీ,

నువ్వు రాసిన నాలుగు ముక్కలూ చదివి, రాత్రి కాలు నొప్పి అని అబద్ధం చెప్పి మాత్ర తెప్పించుకుని మింగాను.

ఊపిరి అందని మనిషిని నువ్వు చూడలేదు. నేను చూశాను. వాళ్ళు ఎదుటివాళ్ళ మీద పురుగులు ఏరుతూ నిలబడరు. కుదిపేస్తారు, పీకుతారు, ఏది దొరికితే అది పట్టుకుంటారు. ఒకావిడ నా ముఖం మీద కళ్ళజోడు లాగి విరగ్గొట్టింది. అంత బాధలో ఉంటే చిన్నది నీ జుట్టు పట్టుకుని లేపేది. దానికి మొహమాటమా? నీ దగ్గరా?

చిన్నప్పుడు నా పుస్తకం మీదికి చీమలు వస్తే నేను అరచేత్తో ఒక్కటి వేసేదాన్ని. అది నా చెయ్యి పట్టుకుని ఆపి, ఒక్కొక్క చీమనీ వేలికొసతో అంచు దాకా నెట్టేది. "వాటికీ ఇల్లుంటుందక్కా" అనేది. "ఉంటే అక్కడే చావమను" అనేదాన్ని నేను. నీ వీపు మీద పురుగుని చూసినా అది చేసేది అదే. నెట్టబోయి ఉంటుంది. ఇది నెడితే నలిగే పురుగని దానికేం తెలుసు?

మందు పేరు విడిగా రాసి పెట్టాను. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాయించుకో. ఆ గడియారం వేళకి రాకపోయినా ఫరవాలేదు, రావడం ముఖ్యం. పురుగు ఒంటి మీద పడితే ఊదెయ్యి, ముట్టుకోకు. పొరపాటున నలిగితే సబ్బుతో కడుక్కో. ఆ చేత్తో కళ్ళు మాత్రం నులుముకోకు.

వదిన

*

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి,

మందు రాస్తున్నాడు. తగ్గుతోంది. ఇప్పుడక్కడ గోధుమరంగు మచ్చ ఉంది.

ఇక్కడ పని మామూలే. వాననీళ్ళు కలిసి నీరు బురదగా వస్తోంది. పటిక ఎక్కువ వేయాల్సి వస్తోంది. సాయంత్రాలు గడియారం వచ్చి కూర్చుంటాడు. అతనే మాట్లాడతాడు. నేను వింటాను. అతను వెళ్ళాక ఏం విన్నానో గుర్తుండదు.

ముందు గదిలోనే పడుకుంటున్నాను. కిటికీ దగ్గర పురుగులు వస్తున్నాయి. మీరు చెప్పినట్టే ఉన్నాయి, నడుం నారింజ రంగు. నా ఎడమ ముంజేతి మీద కూడా మచ్చలు పడ్డాయి. ఒకటి చుక్క. దాని పక్కన పొట్టి గీత. దాని పక్కన పొడుగు గీత. పొడుగుది వీపు మీద ఉన్నదానిలాగే ఉంది.

మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎంత నెమ్మదిగా తుడిస్తే గీత అంత పొడుగు అవుతుంది కదా?

మరిది

*

నర్సుల హాస్టల్

మరిదీ,

ప్రమాదాలు వరసలో నిలబడవు.

ఏం చేస్తున్నావు?

వదిన

*

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి,

అడిగారు కాబట్టి చెబుతున్నాను.

నీటి శాంపిళ్ళు పట్టే సీసా ఒకటి తెచ్చుకున్నాను. అడుగున తడి దూది వేసి, కిటికీ దగ్గర దొరికిన పురుగులను అందులో ఉంచాను. ఒకదాన్ని చేతి మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. చుక్క పడింది. ఇంకొకదాన్ని గబుక్కున తుడిచాను, దోమను తోలినట్టు. పొట్టి గీత పడింది, పురుగు ఎగిరి అవతల పడింది. మూడోదాన్ని నెమ్మదిగా తుడిచాను. వేలు ఎంతదూరం పోతే పురుగు అంతదూరం నలుగుతూ వచ్చింది. మర్నాడు చూసుకున్నాను. ఒక్కసారి చూస్తే సరిపోదని తొడ మీద మళ్ళీ చేశాను. అవే వచ్చాయి.

వీపు మీద గీత నెమ్మదిగా కదిలిన చెయ్యిది. ఇందులో సందేహం లేదు.

పెద్దగా నొప్పి లేదు. ఉన్నా తెలియడం లేదు.

మరిది

*

నర్సుల హాస్టల్

మరిదీ,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. తిట్లు రేపటికి దాచుకుంటాను. ముందు నువ్వు కనిపెట్టినదాన్ని నువ్వే సరిగ్గా చూడు. నెమ్మదిగా కదిలిన చెయ్యి అన్నావు. కంగారులో ఉన్న చెయ్యి నెమ్మదిగా కదలదు. ఇంతకంటే ఏం కావాలి నీకు? తనకి ఏమీ కాలేదు అప్పటికి. తీరిగ్గా ఉంది. నీ వీపు నిమిరింది, అంతే.

ఇంక ఆ సీసా పారెయ్. నా మీద ఒట్టు.

వదిన

*

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి,

సత్తువ లేని చెయ్యి కూడా నెమ్మదిగానే కదులుతుంది.

మరిది

*

నీటి శుద్ధి కేంద్రం, పంపు గది

అక్కగారికి పంపు ఆపరేటర్ నమస్కరించి రాయునది.

సార్ చెబుతుంటే నేను రాస్తున్నాను. వారి చేతిరాత కాదేమిటని కంగారు పడకండి. సార్ చెప్పింది ఇది: "కంటికి కొంచెం బాగోలేదు. తగ్గుతుంది. మీ కాలి కట్టు విప్పారా? రెండు నెలలైనా విప్పకపోతే పెద్ద డాక్టరుకు చూపించుకోండి."

ఇంతే. దీనికి కవరూ స్టాంపూ దండగని నేను ఇంకా రాస్తున్నాను.

"ఇంకా ఏం రాస్తున్నావయ్యా?" అంటున్నారు సార్.

"అడ్రసు రాస్తున్నా సార్."

"అంత పొడుగా?"

"పెద్దాసుపత్రి కదా సార్."

ఆయనకి కనబడదు కాబట్టి నా ఇష్టం. ఎడమ కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. కుడి కన్ను ఎర్రగా నీళ్ళు కారుతోంది. ఆ పురుగు రసం చేతికి ఉండగా నిద్రలో నులుముకున్నారట. డాక్టరు కడిగి, మందు వేసి, చూపు పోదు గానీ ఇంకోసారి ఇలా అయితే నా దగ్గరికి రావద్దన్నాడు. "ఇది ఎలా అంటింది?" అంటే సార్ ఏమీ చెప్పలేదు. ఆ సీసా నేను చూశాను. నేనూ చెప్పలేదు.

అక్కగారూ, ఇంకొకటి. ఇది రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఈ పురుగుల గొడవ మా అందరికీ ఉంది. ఫిల్టర్లు కడిగేవాడికి మెడ చుట్టూ దండ వేసినట్టు బొబ్బలు. తెల్ల దీపాలు తీసి పసుపువి పెట్టండని ఆఫీసు వాళ్ళు పెట్టె నిండా పసుపు దీపాలు పంపారు. అమ్మగారు పోయిన తరవాతే వచ్చాయి. స్టోరు తాళంచెవి షిఫ్టు ఇన్‌చార్జి దగ్గర, అంటే సార్ దగ్గర ఉంటుంది. ఎప్పుడడిగినా "చూద్దాం" అంటారు. మేమే పెట్టుకుంటాం తాళం ఇవ్వండి అన్నా "చూద్దాం" అంటారు. మొదట ఎందుకో అర్థం కాలేదు. సీసా చూశాక అర్థమైంది.

పోయిన వారం మా ఆవిడ కనురెప్ప మీద పడింది. ఇప్పుడు ఒక కంటితోనే ఇంటిపని చేస్తోంది. "మీ సార్‌కి పెళ్ళాం పోతే నాకు కన్ను పోవాలా?" అంది. నోరుముయ్యమన్నాను. అది మూసుకుంది. కానీ ఆ మాట నా చెవిలోంచి పోవడంలేదు. సార్‌కి చెప్పలేను. ఆయన నన్నొక్కమాట అనలేదు ఎన్నడూ, లేటుగా వచ్చినా.

"అడ్రసు అయిందా?" అంటున్నారు. అయింది.

ఇట్లు, గడియారం అని పిలవబడు పంపు ఆపరేటర్

*

నర్సుల హాస్టల్

మరిదీ,

ఇది నువ్వే చదువుకోగలిగే రోజున చదువు. ఎవరిచేతా చదివించుకోకు.

మీ ఆపరేటర్ అన్నీ రాశాడు. వాళ్ళావిడ అన్న మాటతో సహా ఆ ఉత్తరం ఇందులోనే పెట్టాను. అతన్ని ఏమీ అనకు. అన్నావని తెలిస్తే ఊరుకోను.

నీ కన్ను నీ ఇష్టం అనుకుందాం, కాసేపు. ఆ పిల్ల కన్ను నీ ఇష్టం కాదు. చిన్నది బతికినన్నాళ్ళూ కూర్చుని ముక్కూముఖం తెలియనివాళ్ళకి చూపు ఆనేలా అద్దాలు అరగదీసింది. వేళ్ళు ఆకురాయి అయ్యాయని రాశావు కదా, అవి ఎందుకలా అయ్యాయి? దాని పేరు చెప్పుకుని పక్కింట్లో కన్ను పోగొడతావా నువ్వు?

ఇంక రెండో మాట. నువ్వు అడుగుతూ వస్తున్నదానికి నా జవాబు మారింది.

నాకు తెలీదు.

చూడటానికి వచ్చిందో, లేపడానికి వచ్చిందో, నీళ్ళ కోసం అటుగా వెళ్తూ ఆగిందో నాకు తెలీదు. నేనక్కడ లేను. కాలికి కట్టుతో మంచం మీద పడి, చెల్లెలి ఆఖరి రాత్రిని నాకు నచ్చినట్టు అల్లుకున్నాను. నాకు ఓదార్పు కావాలి, అందుకని నెమ్మదైన చెయ్యి అన్నాను. నీకు శిక్ష కావాలి, అందుకని సత్తువ లేని చెయ్యి అన్నావు. పురుగుకి ఈ గొడవ తెలీదు. నలిపితే కాలుస్తుంది, అంతవరకే దాని పని. నీ ఒళ్ళంతా గీతలు గీసుకున్నా అది ఇంతకంటే చెప్పదు.

వచ్చింది. నీ మీద చెయ్యి వేసింది. నీ వీపు చెప్పగలిగింది ఇదే. ఇది చాలదు, నాకు తెలుసు. చాలకుండానే ఉండాలి మనం.

ఇవాళ కట్టు విప్పారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. దాన్ని చూసి ఏడ్చేశాను. చిన్నది పోయాక ఏడవడం ఇదే. పిల్ల నర్సులు కాలు కోసం అనుకుని "నడిస్తే కండ పడుతుంది అక్కా" అని ఓదార్చారు. పోనీలే అని ఓదార్పించుకున్నాను.

వదిన

*

నీటి శుద్ధి కేంద్రం క్వార్టర్స్

వదినకి,

కళ్ళు తెరుచుకున్నాయి. మీ ఉత్తరం నేనే చదువుకున్నాను. రెండు రోజులు జవాబు రాయలేదు.

నిన్న గడియారం ఇంటికి వెళ్ళాను. అతను లేడు. అతని భార్య తలుపు తీసింది. కుడి కనురెప్ప మీద చెక్కు కట్టి ఉంది, కన్ను సగమే తెరుచుకుంటోంది. కూర్చోమని కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

"ఆ మాట నేనన్నానని ఆయన ఉత్తరంలో రాశారట. అనే ఉన్నాను సార్" అంది.

"తప్పేం అనలేదమ్మా" అన్నాను.

"మంట ఓర్చుకోలేక అన్నాను."

"తెలుసు."

ఆమె, "మీరు పడుకునేది ఆ కిటికీ కిందేనా ఇంకా?" అంది. అవునన్నాను. "అక్క ఉంటే ఒప్పుకునేది కాదు" అంది. మీ చెల్లెలిని ఈమె అక్క అనేదని నాకు తెలియదు. ఏదైనా తిని వెళ్ళమంది. పళ్ళెంలో పెట్టింది తిన్నాను. చెక్కు కట్టిన కంటికి వెలుతురు పడక ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చి సీసా తీసుకెళ్ళి తడి నేల అవతల గడ్డిలో వంచాను. కొన్ని చచ్చిపోయి ఉన్నాయి. బతికినవి తోకలెత్తుకుని గడ్డిలోకి నడిచి వెళ్ళాయి. చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

ఇవాళ అద్దంలో వీపు చూసుకున్నాను. మచ్చ చాలావరకు పోయింది. గీత ఎక్కడ మొదలైందో తెలుస్తోంది, ఎక్కడ ఆగిందో తెలియడంలేదు. ఇది పోతే ఏమైపోతానో అని రోజూ భయపడ్డాను. పోతోంది. ఏమీ అనిపించలేదు. అద్దం తుడిచి లోపల పెట్టాను.

నా భార్య వచ్చింది. నా మీద చెయ్యి వేసింది. నేను లేవలేదు. అంతవరకూ నిజం. తరవాతి వాక్యం నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఇంక ఏమీ చేయను. అలాగని మరిచిపోతానని మీకు మాట ఇవ్వలేను.

ఇవాళ మధ్యాహ్నం స్టోరు తెరిచి పెట్టె బయటికి తెచ్చాను. పసుపు దీపాలన్నీ ఒక్కొక్కటీ తగిలించి చూశాను, వెలుగుతున్నాయి. నిచ్చెన నేను పట్టుకుంటాను సార్ అని గడియారం అన్నాడు. వేళకి వస్తాడని నమ్మకం లేదు. రాకపోతే గోడకి ఆనించి నేనే ఎక్కుతాను.

మీరు నడవండి. నడిస్తే కండ పడుతుంది.

రేపు పొద్దున వెలుతురు రాగానే దీపాలు మారుస్తాను. ముందు గడియారం వాళ్ళ గుమ్మం మీదది. ఆ తరవాత నా కిటికీ పక్కది.

మరిది